ఇద్దరు వండితె ముచ్చట

పోయిన నెల ఒక పొద్దున మామ ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అత్త లేస్తలేదు," అన్నాడు. నేను విద్యానగర్ నుంచి ఆటోలో చిక్కడపల్లి చేరేసరికి కిందింటివాళ్లు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టర్ చెప్పి వెళ్లాడట.

ఊళ్లో ఉన్న నాన్నకు ఫోన్ చేసి చెబితే, ఆయన "ఎక్కువ మందికి చెప్పకు," అన్నాడు. ఆ మాట వల్లే ఇది రాస్తున్నాను. మీ అందరికీ చెబుతున్నాను. మా మేనత్త చనిపోయింది. ఆమె దాచిపెట్టాల్సిన మనిషి కాదు.

అత్త మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే ఊరు విడిచి వచ్చి, నారాయణగూడలో ఒక బడిలో కుట్టుపని టీచరుగా చేరింది. పిల్లలు లేరు. ఏళ్ల తరబడి ఒంటరిగానే ఉంది. బడి అయ్యాక చిక్కడపల్లిలో కర్రీ పాయింట్‌కు వెళ్లి, ఒక్కరికి సరిపోయే కూర ప్యాకెట్ తెచ్చుకునేది. మామ కూడా అక్కడికే వచ్చేవాడు. ఆయనకు పుస్తకాల బైండింగ్ షాపు ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఒకరోజు బెండకాయ వేపుడు ఒక్క ప్యాకెటే మిగిలిందట.

"మేడం, చెరి సగం తీస్కుందామా?" అని అడిగాడట ఆయన.

"సగం కూర ఏ మూలకు సారు? బెండకాయలు కొనుక్కపోయి వండుకుంటె అయిపాయె," అందట అత్త.

కొన్నాళ్లకు ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి అత్తకు యాభై దాటాయి. పెళ్లయ్యాక కూడా మేడం, సారు అనే పిలుచుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆమె పేరెత్తడం మానేశారు.

గ్రూప్స్ కోచింగ్ కోసం నేను అశోక్ నగర్ హాస్టల్‌లో చేరినప్పుడు నాన్న ఒకే షరతు పెట్టాడు. అత్త ఇంటి గడప తొక్కొద్దన్నాడు. మొదటి ఆదివారమే తొక్కాను.

వాళ్ల వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. నాకు గుమ్మంలో పీట వేశారు. ఆ రోజు సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు, కారం వేసి అత్త కలిపింది. మామ నూనె రాసిన గిన్నెలో ఆ పిండిని పల్చగా ఒత్తాడు. అత్త వేలితో బొక్కలు పెట్టుకుంటూ పోతే, మామ ఆమె వేలి వెనకే చెంచాతో నూనె చుక్కలు వేసుకుంటూ వచ్చాడు. మూత పెట్టాక ఇద్దరికీ ఏ పనీ లేదు. అయినా పొయ్యి ముందు నుంచి కదల్లేదు. షాపు సంగతులు, బడి సంగతులు మాట్లాడుకుంటూ నిలబడ్డారు. తర్వాత ఒకే పళ్లెంలో తింటూ, కరకరలాడే అంచు కోసం కొట్లాడుకున్నారు. పెళ్లంటే ఇట్లా కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఎండాకాలం పచ్చిపులుసు చేసేవాళ్లు. ఆమె చింతపండు పిసికితే, ఆయన ఉల్లిగడ్డలు, కాల్చిన పచ్చిమిర్చి ఉప్పేసి నలిపేవాడు. ఉప్పు వేసిన మనిషి రుచి చూడకూడదు, రెండో మనిషే చూడాలి. అది అత్త పెట్టిన నియమం. "ఒక్కరు వండితె పని బిడ్డా. ఇద్దరు వండితె ముచ్చట," అనేది.

ఎదురింటావిడ ఒకసారి తన కిటికీలోంచే అడిగింది. "ఈ వయసుల గీ సోకులేంది టీచరమ్మా?"

అత్త తన కిటికీ రెక్క ఇంకాస్త తెరిచింది. "వాసన మంచిగొస్తున్నదా? రా, జర తిని పో," అంది.

ఆవిడ రాలేదు. అత్త ఆ కిటికీ మూయలేదు.

నేను అక్కడికి వెళ్తున్నానని తెలిసి ఒక ఆదివారం నాన్న వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇజ్జత్ తీసినవక్కా. ఇప్పుడు నా బిడ్డను గూడ ఖరాబు చేస్తున్నవ్."

లోపల వంకాయలు కోస్తున్న మామ కత్తి కింద పెట్టాడు. అత్త గొంతు పెంచలేదు.

"ఇన్నేండ్లు ఒక్కదాన్నే గోడ దిక్కు సూస్కుంట తిన్న. తిన్నవా అక్కా అని ఎప్పుడన్న అడిగినవారా? ఇప్పుడు నాకు కడుపు నిండుతున్నది. నీ ఇజ్జత్ కోసం మల్ల ఉపాసముండుమంటవా?"

"లోపటికి రా తమ్మీ, తిని పోదువు," అంది అత్త. నాన్న నన్ను లెమ్మన్నాడు. నేను లేవలేదు. ఒక్కడే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తర్వాత నా పెళ్లిచూపుల్లో, నాన్న పక్కనే కూర్చుని ఉండగా, ఆ అబ్బాయిని నేను ఒకే మాట అడిగాను. "నాతో కలిసి వంట చేస్తారా?" పెద్దవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "రాదు. నేర్చుకుంట," అన్నాడు. నాకు ఆ మాట చాలనిపించింది. మా ఇంట్లో ఇప్పటికీ ఉప్పు చూసేది అతనే.

అత్త పోయిన రోజు మధ్యాహ్నానికి నాన్న, చిన్నాన్న వచ్చారు. శ్మశానంలో పంతులు భర్త పేరు అడిగితే, నాన్న ఎప్పుడో పోయిన మొదటి భర్త పేరు చెప్పాడు. మామ అందరి వెనకా నిలబడి నేల చూస్తున్నాడు.

"పంతులుగారూ, ఆమె భర్త ఇక్కడున్నడు," అన్నాను.

చిన్నాన్న నా చెయ్యి గుంజాడు. "ఊకో. నలుగురున్నరు."

"ఊకోను. నలుగురూ వినాలె."

మామను పట్టుకొని ముందుకు తీసుకొచ్చాను. పంతులు మా నాన్న వైపు చూశాడు. నాన్న తల తిప్పుకున్నాడు. "మీ పేరు చెప్పండి," అన్నాడు పంతులు, మామతో. చితికి నిప్పు మామే పెట్టాడు.

అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడడం లేదు. ఎప్పుడు మాట్లాడినా నేను చెప్పేది ఇక్కడ రాసిందే.

కర్మ అయ్యేదాకా ఇంట్లో పోపు పెట్టొద్దని చుట్టాలు చెప్పి వెళ్లారు. రెండు రోజులు మామ చప్పిడి పప్పు ముందు కూర్చొని లేచిపోయాడు. మూడో రోజు సాయంత్రం తనే పొయ్యి వెలిగించాడు. "మేడంకు చప్పిడి కూడు పడదు," అన్నాడు. నేను ఎల్లిపాయలు దంచిచ్చాను. నూనె కాగింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేసి ఎల్లిపాయలు వేయగానే చర్రుమని పొగ లేచింది. ఆ ఘాటుకు ఇద్దరం దగ్గాం. ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు కారాయి. మంట తగ్గించమని ఎవరమూ అనలేదు. పోపు వాసన మెట్ల మీదుగా గల్లీలోకి దిగింది. కోచింగ్ నుంచి హాస్టళ్లకు పోతున్న పిల్లలు, భుజాల మీద బరువైన బ్యాగులతో, ఆ వాసన ఏ ఇంటిదోనని ఒక్క క్షణం ఆగి తలలెత్తి చూశారు.