ఇంక్లైన్‌కు ఇంకో అర్థం

భూపాలపల్లిలో పుట్టిన నాకు ఇంక్లైన్ అంటే బొగ్గుబాయి. బాపు డ్యూటీకి వెళ్లేది అక్కడికే. అది ఇంగ్లీషు మాటన్న సంగతి కూడా చాలా ఏళ్లు నాకు తెలియదు.

జనగామలో డిగ్రీ చదివేటప్పుడు ఇంగ్లీషు మేడమ్ బోర్డు మీద ఆ మాట రాసి, సొంత వాక్యం చెప్పమన్నారు. నేను లేచి, మా నాన్న ఇంక్లైన్‌లో పనిచేస్తారని చెప్పాను. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"ఆమె చెప్పింది కరెక్టే. భూమిలోకి ఏటవాలుగా దిగే గనిని అలాగే అంటారు. మనసు ఒకవైపు మొగ్గినా ఇదే మాట" అన్నారు.

సెలవులకు ఇంటికొచ్చి ఈ సంగతి బాపుకు చెప్పాను. అప్పటికే ఆయన నడుము పాడైంది. ఇక బాయిలోకి దిగలేడని డాక్టర్లు తేల్చారు. అలాంటప్పుడు కంపెనీ ఇంట్లో ఒకరికి పని ఇస్తుంది గనక ఆయన నౌకరి నాకు రావచ్చు. కానీ నేను టీచరునవ్వాలని ఆయన ఆశ. అందుకే ఆ మాట నా దగ్గర ఎత్తేవాడు కాదు.

మంచం మీద పడుకునే అంతా విన్నాడు. "మనసు సుత గట్లనే ఒరుగుతదా? మరి నీది ఎటు ఒరుగుతాంది బిడ్డా?"

"బాయి దిక్కు."

లేచి కూర్చున్నాడు. "నా కోసమని చెప్పకు. నేనెట్లనో బతుకుత."

"నీ కోసం కాదు బాపు. చిన్నప్పటి సంది నువ్వు రోజూ ఏడికి పోతున్నవో సూడాలనుంది. గేటు దాటి లోపలికి ఎన్నడు తీస్కపోలే."

మర్నాడు పొద్దున్నే అమ్మతో, "దానికి మంచి బూట్లు కొనాలె" అన్నాడు.

నౌకరి నా పేరు మీదికొచ్చాక నన్ను ల్యాంపు రూములో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం నా పని. మొదటి రోజు షిఫ్టు అయిపోయాక అన్ని లైట్లూ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

"గాబరా పడకు. ఆఖరాయన ఇంకా పైకెక్కుతాండు" అంది నాతో పనిచేసే అక్క.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు. గోడకు చెయ్యానించి ఊపిరి తీసుకున్నాడు. "లేటైంది బిడ్డా" అంటూ లైటు నా చేతికిచ్చాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

ఇంటికి వెళ్లాక బాపు, "ఎట్లుంది?" అని అడిగాడు. ఆ ఆఖరి లైటు సంగతి చెబుదామని కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చున్నాను.