మగ్గాలు ఆగిన అరగంట

2023 వేసవి. సూరత్ నవాగామ్‌లో ఒక సందు, రెండు వైపులా పవర్‌లూమ్ షెడ్లు. తెలంగాణ నుంచి వచ్చి మగ్గాలు నడిపే కుటుంబాలు కొన్ని సొసైటీగా ఏర్పడి, సందు చివర పది అంతస్తుల బిల్డింగ్ కట్టుకోబోతున్నాయి. భూకంపం వస్తే అక్కడి నేల ఎలా ఊగుతుందో చెప్పాల్సిన జియోఫిజిసిస్టును నేను. డిజైన్ అంతా నా రిపోర్టును బట్టే.

దేశ భూకంప ప్రమాద మ్యాప్‌లో సూరత్ అంతా ఒకే రంగు. కానీ తాపీ నది పరిచిన ఒండ్రు ఒకచోట పలచన, ఇంకోచోట లోతు. గట్టి నేల మీద చిన్నగా తెలిసే కుదుపు మెత్తటి ఒండ్రులో పెరిగిపోతుంది. అందుకే మైక్రోట్రెమర్ పరీక్ష. నేల మన కాలికి తెలియనంత సన్నగా ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. ఏ వేగంలో ఎక్కువ ఊగుతుందో గ్రాఫ్‌లో పీక్‌గా కనిపిస్తుంది.

మూడు రోజులు రికార్డు చేశాను. మూడుసార్లూ ఒకేచోట సూదిలాంటి పీక్, సెకనుకు రెండు ఊపులు. పది అంతస్తుల బిల్డింగ్ అంతకంటే నెమ్మదిగా, సెకనుకు దాదాపు ఒకసారి ఊగుతుంది. రెండూ కలవవు కనుక భయం లేదనుకుని, సొసైటీ పెద్ద నర్సయ్యకు దర్జాగా చెప్పాను.

"మీ నేల సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. బిల్డింగ్‌కి ఢోకా లేదు."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "అంటే నిమిషానికి నూటిరవై. అది నేల గాదు మేడం, మా మగ్గం దెబ్బ."

నాకు చిర్రెత్తింది, నాకే పాఠం చెబుతాడా అని. గ్రాఫ్ మళ్లీ చూస్తే ఆయన చెప్పిందే నిజమనిపించింది. నేల పీక్ లావుగా ఉంటుంది; అంత సన్నటి పీక్‌ను చూడగానే యంత్రమేమోనని అనుమానించాలి. మూడుసార్లూ ఒకటే వచ్చిందని మురిసిపోయాను. ఆ సందులో మగ్గాలు ఆగితే కదా, తేడా తెలియడానికి.

"ఒక్క అరగంట ఆపగలరా?"

"నాది ఒక్కటి ఆపితే ఏం ఫాయిదా? గల్లీ మొత్తం బంద్ గావాలె. జర ఆగుండ్రి."

షెడ్డు షెడ్డుకూ వెళ్లాడు. షెడ్ల యజమానులైన గుజరాతీ సేఠ్‌లతో ఏం చెప్పారని అడిగితే, "మా పిల్లలు పండుకునే ఇల్లు నిలవడ్తదో లేదో చూస్తున్నరు, అరగంట ఇయ్యిండ్రి అన్న" అన్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ ఒక్కొక్క షెడ్డే ఆగింది.

సూది పీక్ మాయమైంది. దాని పక్కన, సెకనుకు ఒక ఊపు దగ్గర, అంతవరకు దాని ఎత్తు ముందు ఆనని లావుపాటి గుట్ట లేచింది. సరిగ్గా బిల్డింగ్ ఊగే వేగం అదే. ఊయలను సమయం చూసి తోసినట్టు నేల దాన్ని తోస్తుంది. తర్వాత బోరు వేసి చూస్తే మెత్తటి ఒండ్రు చాలా లోతు దాకా ఉంది. ఇంజినీరు డిజైన్ మార్చి, నిలువునా కాంక్రీటు గోడలు చేర్చి, నేల కంటే వేగంగా ఊగేలా బిల్డింగ్‌ను బిగించాడు.

ఇప్పుడు ఎక్కడ పరికరం దించినా, ఇక్కడ ఆగకుండా నడిచేది ఏమిటని ముందు అక్కడివాళ్లనే అడుగుతాను. ఆ రిపోర్టులో మాత్రం, తప్పు కనిపెట్టింది మగ్గం కార్మికుడు నర్సయ్య అని రాశాను. మా ఆఫీసులో ఆ వాక్యం తీసేయమన్నారు. తీస్తే నా సంతకం కూడా తీసేయండన్నాను.

నర్సయ్య ఆ పేజీని కూతురితో రెండుసార్లు చదివించుకున్నాడు. "మేడం, మీ తప్పు గూడ మీరే రాసుకున్నరేంది?"

"పైన పిల్లలు పడుకుంటారు కదా" అన్నాను.