గోడ మీద సబ్బుపెట్టె

నిన్న పొద్దున మా అక్క ఇంటికి పక్కింటి సేటు వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, చేతులు కట్టుకుని, "అక్కా, అప్పట్ల గోడకు పెట్టినవు గదా, ఆ మిషిను ఉన్నదా? మా సెల్లార్ గోడకు పగులొచ్చింది. వంగుతాందా లేదా సూడాలె. జర ఇస్తవా?" అని అడిగాడు. నేను అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాను. సిగ్గు అనేది ఏ కొట్లో అమ్ముతారో తెలిస్తే నేనే కొని పంపేవాణ్ణి.

ఆ మిషిను సంగతి చెప్పాలంటే కొత్తవాడలో మా అక్కవాళ్ల మగ్గం షెడ్డు దగ్గర మొదలుపెట్టాలి. మా బావ జంపఖానాలు నేసేవాడు. షెడ్డులో అడుగు పెడితే రంగు నూలు వాసన, బావ బీడీ వాసన, వాటి మధ్య ఎప్పుడూ ఆగని మగ్గం చప్పుడు. నాకు హనుమకొండలో కట్‌పీస్ బట్టల కొట్టు. మధ్యాహ్నం బేరం లేకపోతే బండేసుకుని వచ్చి ఆ చప్పుట్లోనే ఓ కునుకు తీసేవాణ్ణి. అట్లాంటి షెడ్డు గోడను ఆనుకుని సేటు దుకాణాల కోసం సెల్లార్ తవ్వించాడు. జానెడు జాగా కూడా వదల్లేదు. వానలు మొదలయ్యేసరికి గోడ అటువైపు ఒరుగుతున్నట్టు అక్కకు అనిపించింది. అడిగితే సేటు, "గోడ ఎప్పటిసంది గట్లనే ఉన్నది, నీకు గిప్పుడు కనవడ్డది" అన్నాడు. మున్సిపాలిటీ ఆఫీసు నుంచి సారును పిలిస్తే ఆయన బండి దిగకుండానే ఓ చూపు చూసి, సేటు మాటే అప్పజెప్పి పోయాడు. అంటే వాళ్లవి కళ్లు, మా అక్కవి గాజుగోళీలు.

"నా కండ్లను నమ్మకపోతే అంకెలను నమ్ముతరు గదా" అంది అక్క. ఇంటర్‌తో చదువు ఆపేసిన మనిషి. ఫోన్‌లో వీడియోలు చూసి, ఓ చిన్న సర్క్యూట్ బోర్డూ, వంపు తెలిసే వేలిగోరంత బిళ్లా తెప్పించింది. భూమి ఎటు లాగుతుందో ఆ బిళ్లకు తెలుసట. దాన్ని ఏ పక్కకు వంచితే ఆ పక్క అంకె మారుతుంది. నా కొట్లోని పాత ల్యాప్‌టాప్ పట్టుకుపోయి వైర్లు కలిపింది. బల్ల మీద కదలకుండా పెట్టినా అంకెలు కుదురుగా నిలబడలేదు. "ఇది అచ్చం నీ లెక్కనేరా తమ్మీ, ఒక్కకాడ కూసోదు" అని నన్ను వెక్కిరించి, చాలా అంకెలు తీసుకుని సగటు చూడాలని ఇంకో వీడియోలో నేర్చుకుంది. తర్వాత బోర్డును ఓ సబ్బుపెట్టెలో పెట్టి షెడ్డు గోడకు టేపుతో అతికించింది. మగ్గం దెబ్బకు అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. దాంతో బావ బువ్వకు లేచినప్పుడే చూడటం అలవాటు చేసుకుంది.

అంకె మెల్లగా ఒకే పక్కకు జరుగుతూ వచ్చింది. అక్క ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆ సారును మళ్లీ పట్టుకొచ్చింది. ఈసారి ఆయన బండి దిగాడు. షెడ్డులోకి వచ్చి, సబ్బుపెట్టెను చూసి నవ్వాడు. షెడ్డులోకి కొత్త వస్తువు ఏదొచ్చినా దిష్టి తీయందే బావకు తోచదు. అంతకుముందు శనివారమే అక్కకు చెప్పకుండా ఆ పెట్టెకు నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడదీశాడు. సారు ఆ దండను వేలితో ఎత్తాడు. ల్యాప్‌టాప్‌లో అంకె మారింది. "నిమ్మకాయ బరువుకు నీ డబ్బ వంగింది తల్లీ, గోడ గాదు" అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ సేటు కూడా నవ్వాడు. దండ కట్టకముందు నుంచే అంకె జరుగుతోందని అక్క చెబుతూనే ఉంది. ఆ నవ్వులో ఎవరూ వినలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే. బావ తప్పు బావదే, కాదనను. కానీ ఓ నిమ్మకాయ దొరికిందని గోడ వైపు తలెత్తి కూడా చూడకుండా పోయిన మనిషిని ఏమనాలి?

అక్క బావతో మాట్లాడటం మానేసింది. దండ తీసి పారేసి, పెట్టెను సిమెంటుతో గోడకు పాతి, మొదటి నుంచీ మళ్లీ చూసింది. అంకె మళ్లీ అటే జరిగింది. ఫోన్ చేస్తే ఆఫీసులో ఎత్తేవాళ్లు లేరు. ఓ మధ్యాహ్నం వాన దంచుతుంటే, మగ్గం ఆగి ఉన్నప్పుడు కూడా అంకె కళ్ల ముందే మారిపోసాగింది. అక్క పరుగెత్తి బావ రెక్క పట్టుకుంది. "జర ఈ అంచు అయిపోనియ్యే" అన్నాడు బావ. అక్క వినలేదు, బరబరా బయటికి లాక్కొచ్చింది. వాళ్లు వాకిట్లోకి వచ్చారో లేదో, గోడ కూలింది. దాంతో పాటే పైకప్పు మగ్గం మీద పడింది. బావ బతికాడు. పాత గోడ వానకు పడిందని సారు రాసుకుపోయాడు. ఇప్పుడు బావ వేరేవాళ్ల షెడ్డులో, వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. అక్కడ కునుకు తీయడానికి నన్నెవరు రానిస్తారు?

అందుకే నిన్న సేటును గడప దాటనివ్వొద్దని నేను లేచాను. అక్క నన్ను కూర్చోమంది. లోపలికెళ్లి, సిమెంటు పెళ్లలు ఇంకా అంటుకునే ఉన్న ఆ సబ్బుపెట్టె తెచ్చింది. సేటు చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు.

"నీ చేతికియ్య. నేనే వచ్చి పెడుత. అంకె జరిగిందంటే నీకు జెప్ప, నీ దుకాణాలల్ల పనిజేసే పిల్లలకు జెప్త. గోడకాడ మా ఆయన నిలవడతడు. ముందుగాల్ల ఆయన మొకం జూసి అడుగు, గోడ ఎప్పటిసంది గట్లనే ఉన్నదా అని."

సేటు తల దించుకుని సరేనన్నాడు. సాయంత్రం అక్క పెట్టె పట్టుకుని వెళ్లింది, వెనకే బావ. నేను వెళ్లలేదు. అక్కంత పెద్ద మనసు నాకు లేదు, కావాలనీ లేదు. కాలం గడిస్తే కోపం దానంతటదే చల్లారుతుందని నాకు చెప్పినవాళ్లలో ఒక్కరి గోడా కూలలేదు.