సిలిండర్లు మోసినవాడి కూతురు

మొన్న శనివారం సిడ్నీ శివారు టూంగాబీలో మనవరాలిని ఈత క్లాసుకు తీసుకెళ్తే, తలుపు తీయగానే క్లోరిన్ వాసన గుప్పున కొట్టింది. గుమ్మంలోనే ఆగిపోయాను. "తాతా, ఇట్స్ ఓన్లీ ద పూల్!" అని నవ్వి పరుగెత్తింది. దానికది పూల్ వాసనే. నాకు మాత్రం వెస్ట్‌మీడ్‌లో ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంటి ఓనరావిడ గుర్తొచ్చింది.

అది వైటూకే భయం లోకమంతా కమ్ముకున్న ఏడాది. నేనూ మా బావమరిదీ కంప్యూటర్లను ప్రళయం నుంచి కాపాడడానికి ఆస్ట్రేలియా వచ్చి, ఆమె ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాం. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, ఆంటీ అనేవాళ్లం. ఇంట్లోకి బ్లీచ్ తేకూడదన్నది ఆమె పెట్టిన ఒకే ఒక్క షరతు. మా వాడేమో బాత్రూం అంటే యాసిడ్‌తోనే కడగాలనే తెనాలి నమ్మకంలో పెరిగినవాడు. ఒక ఆదివారం పొద్దున యాసిడ్ పోసి, అది చాలదన్నట్టు దొంగతనంగా తెచ్చిన బ్లీచ్ కూడా కుమ్మరించాడు. "రెండూ కలిస్తే డబుల్ పవర్ బావా!" అన్నాడో లేదో, దగ్గుతూ గుమ్మంలో కూలబడ్డాడు.

ఆంటీ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "లే! కూర్చోకు! అది క్లోరిన్, నేలనే పాకుతుంది!" అంటూ వాణ్ణి చొక్కా పట్టుకుని పెరట్లోకి లాగింది. తీగ మీద ఆరేసిన దుప్పటి ఎటు ఎగురుతోందో చూసి, మమ్మల్ని గాలి వచ్చే వైపుకు తీసుకెళ్లి నిలబెట్టింది. వాడు తేరుకున్నాక, ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను.

వాళ్ల నాన్న. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో, క్లోరిన్ నింపిన ఇనప సిలిండర్లను కర్రకు వేలాడదీసి ఇద్దరిద్దరు కందకాల్లోకి మోసేవారట. గాలి శత్రువు వైపు మళ్లేదాకా కాచుకుని, వేరే దళంవాళ్లు వాల్వు తిప్పేవారట. ఒకసారి గాలి వెనక్కి తిరిగింది. ఆయన ఊపిరితిత్తులు అక్కడే పాడయ్యాయి. వచ్చే నెల, యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే యాన్జాక్ దినాన, విషవాయువుకు బలైన సైనికుడిగా ఆయన్ని గురించి మాట్లాడమని పేటలోని మాజీ సైనికుల క్లబ్బువాళ్లు ఆమెను పిలిచారు. "ఆయన దాన్ని మోశాడని కూడా చెప్పనా? తమ్ముడు వద్దంటున్నాడు. నాన్న పరువు పోతుందట," అంది.

ఊరూరా బాబాల మీదా మహిమల మీదా సైన్సు పేరుతో కత్తి దూసినవాణ్ణి నేను. వాదన దొరికితే అన్నం అక్కర్లేదు. "తప్పు ఆజ్ఞ ఇచ్చినవాడిది, మోసినవాడిది కాదు. ఆ విషం నింపింది మంత్రగాళ్లా? పట్టాలు పుచ్చుకున్న మా సైన్సువాళ్లే! నిలదీస్తే వాళ్లను నిలదీయాలి," అని ఉపన్యాసం దంచాను. ఆమె ఓపిగ్గా వింది. "ఈ మాట నాన్నకు చాలామంది చెప్పారు. గాలి సరిగ్గా వీచిన రోజుల్లో అవతల ఎవరు దగ్గారో అది చెప్పండి ముందు, అనేవాడు."



యాన్జాక్ రోజున నేనూ బావమరిదీ ఆ క్లబ్బుకు వెళ్లాం. ఆంటీ కాగితం లేకుండా మాట్లాడింది. "గాలి తిరిగిన రోజున మా నాన్న బాధితుడు. తిరగని రోజుల్లో కాదు. ఆ సంగతి ఆయన ఎన్నడూ మరవలేదు. మీరూ మరవకండి." హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో తమ్ముడు తల దించుకునే ఉన్నాడు. కాసేపటికి లేచి, కుర్చీ ఎత్తుకొచ్చి అక్క పక్కన వేసుకుని కూర్చున్నాడు.

ఆ విషం కందకాల్లోంచి పూట తిరక్కుండానే చెదిరిపోయి ఉంటుంది. దాన్ని గురించి ఉన్నమాట చెప్పుకోవడానికే ఒక కుటుంబానికి ఎనభై ఏళ్లు పట్టింది.