బిగించని బోల్టు

పెనుకొండలో మెకానిక్ ఈశ్వరప్పకు మంచి పేరుండేది. బండి దగ్గరకు రాగానే చెవి ఒగ్గి విని, జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు. ధర్మవరం నుంచి కూడా డ్రైవర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ పేరు కాస్త నెత్తికెక్కిందని ఇంట్లోవాళ్లే అంటుండేవాళ్లు.

2004 ఎండాకాలంలో ఒక పొద్దున దాసమ్మ తన పికప్పు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. మొగుడి నడుము పడిపోయాక తనే స్టీరింగు పట్టి, పల్లెల్లో పట్టుగూళ్లు ఎత్తి హిందూపురం మార్కెట్టుకు తోలే మనిషి. వారం కిందటే ఈశ్వరప్ప ఆ బండికి బ్రేకు ప్యాడ్లు మార్చాడు.

"అన్నా, బ్రేకు తొక్కితే ముందర ఎడమ చక్రంలో టక్కుమంటాంది. ఒకతూరి చూడన్నా."

ఈశ్వరప్ప లారీ డ్రైవర్లతో కూర్చుని టీ తాగుతున్నాడు. లేవలేదు.

"టక్కుమనేది చక్రం కాదు తల్లీ, నీ కాలు. బ్రేకంటే రోట్లో పచ్చడనుకుంటివా, అట్ల దంచేకి?"

అందరూ పగలబడి నవ్వారు. దాసమ్మ మొహం కందిపోయింది. బండెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాకముందే కబురొచ్చింది. సోమందేపల్లి దగ్గర దిగుడులో పికప్పుకు బ్రేకు పడలేదంట. హ్యాండ్ బ్రేకు గుంజి, పక్కనున్న ఇసుక కుప్పలోకి ఎక్కించిందంట. మనిషికి దెబ్బలేమీ తగల్లేదంట.

ఈశ్వరప్ప పానాలు తీసుకుని పరుగెత్తాడు. చక్రం విప్పి చూస్తే, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ పక్కకు వేలాడుతోంది. దాని రెండు బోల్టుల్లో ఒకటి లేనే లేదు. రెండోది వేళ్లతో తిప్పితే తిరిగింది. క్యాలిపర్ ఊగి ఊగి రిమ్ముకు కొట్టుకుని, పైపు తెగి, బ్రేకు ఆయిలంతా కారిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ప్యాడ్లు మార్చిన రోజు బోల్టులు చేత్తో పట్టించి పానా అందుకోబోతుంటే ఎవరో లారీ ఓనరు పిలిచాడు. మాట్లాడి వచ్చి చక్రం ఎక్కించేశాడు.

దాసమ్మ ఆ బోల్టు వైపు చూసింది, అతని వైపు చూసింది. వొలికిన గూళ్లు ఏరుకోవడానికి వెళ్లింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది ఈశ్వరప్పకు.

కొత్త బోల్టులు, కొత్త పైపు వేసి, ఆయిలు పోసి, లైన్లో గాలి తీయడానికి ఆమెను పెడలు తొక్కమన్నాడు. తొక్కమన్న ప్రతిసారీ ఆమె కాలు మెత్తగా, కొలిచినట్టు దిగింది. ఈశ్వరప్ప తల ఎత్తలేకపోయాడు.

మరునాడు షెడ్డు దగ్గర ఒక డ్రైవరు నవ్వుతూ అడిగాడు. "ఏమబ్బా, ఆయమ్మ యాడనో గుద్దిందంట కదా?"

"ఆయమ్మ తప్పేం లేదు. బోల్టు బిగించనిది నేను" అన్నాడు ఈశ్వరప్ప.

ఎవరూ నవ్వలేదు. టీ తాగుతున్న ఒకాయన లేచి, తన లారీ చక్రాలు ఒక్కొక్కటే చేత్తో తట్టి చూసుకున్నాడు.

దాసమ్మ మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు, హిందూపురంలోనే పని చేయించుకునేది. ఆమె పికప్పు రోడ్డు మీద వెళ్తుంటే, చేతిలో పనున్నా లేకున్నా, ఈశ్వరప్ప ఏదో ఒక బండి కింద దూరేవాడు.