సమాధి రాతి మీద మైనం

పెద్దమ్మ పోయిందన్న కబురు మాకు దర్జీ తెచ్చాడు. ఫిలింనగర్‌లో సినిమాలకు బట్టలు అద్దెకిచ్చే దుకాణంలో అతను కుట్టేవాడు, ఆమె ఇస్త్రీ చేసేది. "మీ పెద్దమ్మ ఇగ లేదు బాబూ. పొద్దుగాల ఇస్త్రీ పెట్టెల బొగ్గులు రాజేసుకుంట కూసున్నది. గట్లనే ఒరిగిపోయింది" అన్నాడు. మా నాన్న జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత దగ్గర డ్రైవరు. అప్పుడు కారు తుడుస్తున్నాడు. తుడుస్తున్న అద్దం పూర్తిగా తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, అప్పుడు చెప్పులు వేసుకున్నాడు.

ఆమె నాన్నకు వదిన. పెదనాన్న సెట్లకు రంగులు వేసేవాడు. ఊళ్ళో పని లేక ముందు ఆయన వచ్చాడు, ఆయన వెనక మేమొచ్చాం. పెదనాన్నది మా ప్రొటెస్టెంట్ సంఘమే. పెద్దమ్మ ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్. పెళ్ళయినా మారలేదు. యేసు పుట్టకముందు యూదులు రాసుకున్న కొన్ని పుస్తకాలు వాళ్ళ బైబిల్లో ఉంటాయి, మా బైబిల్లో ఉండవు. మా ఇంట్లో వచ్చిన తగువంతా వాటి గురించే.

పెద్దమ్మకు చదువు రాదు. చిన్నప్పుడు సిస్టరమ్మలు చెప్పిన కథలే ఆమెకు తెలుసు. ఇస్త్రీ చేస్తూ ఆ పుస్తకాల్లోని ఒక కథ తరచుగా చెప్పేది. పరాయి రాజ్యంలో బతుకుతున్న ఒక యూదుడు. తనవాళ్ళెవరినైనా చంపి వీధిలో పడేస్తే తీసుకెళ్ళి పాతిపెట్టేవాడు. రాజుకు తెలిస్తే ప్రాణం పోతుంది. ఒకసారి పండగపూట భోజనానికి కూర్చున్నవాడు అలాంటి కబురు విని ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. తర్వాత కళ్ళు పోయాయి. కొడుకు దూరదేశం వెళ్తే దేవదూత మామూలు మనిషిలాగా తోడు వెళ్ళాడు. వాళ్ళ వెంట కుక్క కూడా వెళ్ళింది.

"కుక్క పేరేంది పెద్దమ్మా?" అని దర్జీ ఏడిపించేవాడు.

"దేవదూత పేరు చెప్పారు గానీ కుక్క పేరు చెప్పలేదు నాయనా."

"మన లెక్కనే అన్నట్టు. బట్టలు మనం కుడితిమి, ఇస్త్రీ జేస్తిమి. తెర మీద మన పేరు ఏస్తరా?"

"వెయ్యకపోతే ఏం? వెంట వెళ్ళిందిగా" అనేది ఆమె.

యూసుఫ్‌గూడ గదుల్లో సినిమా వేషాల కోసం వచ్చి, వేషం దొరక్క, జబ్బుచేసి పోయినవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ తాలూకు మనుషులు వచ్చేదాకా శవం దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. పెద్దమ్మ వెళ్ళేది. మొహం కడిగేది, ఇస్త్రీ చేసిన దుప్పటి కప్పేది. ఓసారి అన్నం ముందునుంచి లేస్తుంటే మా అమ్మ తినేసి వెళ్ళమంది. "అన్నం చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవచ్చు" అంది, అంతే. మంచి పని చేస్తున్నాననే ముఖం కాదది. బాగా అలిసిపోయి, ఇంకో పని మీద పడ్డ మనిషి ముఖం.

పెదనాన్న పోయినప్పుడు మా సంఘం శ్మశానంలోనే పెట్టారు. పక్కన పెద్దమ్మకని కొంచెం చోటు వదిలారు. ఏటా నవంబరులో, చనిపోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండుగకు ఆమె ఆ రాతి మీద కొవ్వొత్తి వెలిగించి, ఆయన ఆత్మ కోసం ప్రార్థన చేసేది. మా సంఘంలో అది కూడదు. నాన్న సంఘపెద్ద. చెప్పాల్సింది ఆయనే.

"చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించమని మన బైబిల్లో లేదు వదినా."

"మా దాంట్లో ఉందబ్బాయ్. యుద్ధంలో చనిపోయిన తనవాళ్ళ కోసం యూదుల నాయకుడొకాయన ప్రార్థన చేయించాడు."

"అది మీవాళ్ళు కలుపుకున్నది."

"మేము కలిపామో, మీరు తీసేశారో. నీ అన్న కోసమే కదా నేను అడిగేది. నీకేం తక్కువవుద్ది?"

"నాకు కాదు. మా సంఘంలో చేరకపోతే నీకు ఆ చోటు ఇవ్వరు."

పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఆయన పక్కన పడుకోవాలనే ఉంది. అందుకోసం ఆయనకి ప్రార్థన మానేస్తే, పక్కన పడుకుని ఏం లాభం?" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. పండుగలకు కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఆమె కొవ్వొత్తి మాత్రం మానలేదు.

నాన్న ఏటా సమాధుల పండుగ మర్నాడు తెల్లారగట్టే శ్మశానానికి వెళ్ళేవాడు. పెదనాన్న రంగులు గీకే రేకు ఒకటి మా ఇంట్లో ఉండేది. దానితో రాతి మీద మైనమంతా గీకి, కాగితంలో పొట్లం కట్టి తెచ్చేవాడు. ఆమె మీద కోపంతో అనుకునేవాణ్ణి. ఒక ఏడు నన్ను కూడా తీసుకెళ్ళాడు. గీకుతూ గీకుతూ, "మిగతా పెద్దలు చూస్తే వదిన మీద మళ్ళీ పంచాయితీ పెడతారు. ఆ గొడవకు నాకింక ఓపిక లేదు" అన్నాడు.

పెద్దమ్మ పోయిన రోజు నాన్న సంఘంలో ఆ చోటు అడిగాడు. నాకు తెలిసి తనకోసం ఆయన అక్కడ ఏదైనా అడగడం అదొక్కసారే. "చేరకపోతే ఇవ్వమని వదినకు చెప్పింది నువ్వే కదా" అన్నాడు ఒక పెద్దమనిషి, నెమ్మదిగానే. చోటు ఇవ్వలేదు. ఆమెను వాళ్ళ ఆర్.సి.ఎం. శ్మశానంలో, గోడ పక్కన, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య పెట్టాం. ఫాదరు ఆమె ఆత్మ కోసం ప్రార్థన చేస్తుంటే నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. మాతోపాటు దర్జీ ఉన్నాడు. అతను ఒక దుప్పటి తెచ్చాడు, ఇస్త్రీ చేసింది.

ఆమె లేని మొదటి సమాధుల పండుగ వచ్చింది, వెళ్ళింది. మర్నాడు తెల్లారగట్టే నాన్న ఎప్పటిలాగే లేచి, రేకు సంచీలో వేసుకుని బయలుదేరాడు. నేనూ వెళ్ళాను. ఆ పక్క చోటులో గడ్డి మొలిచింది. పెదనాన్న రాయి మంచుకు తడిసి నున్నగా ఉంది. నాన్న గొంతుక్కూర్చుని సంచీలోంచి రేకు తీశాడు. రాతి మీద అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరదాకా తడుముతూ పోయాడు.