పళ్ల డాక్టరు పట్టిన కంటి జబ్బు

మా సుజాతకు ఏడేళ్లు నిండినా పైన ముందు పళ్లు రాలేదు. అక్కడ వచ్చిన పాలపళ్లు కూడా రెండే, అవీ బియ్యపు గింజల్లా ఉండేవి. ఒక మధ్యాహ్నం జామపండు కొరకలేక పక్కన పెట్టి, వాకిట్లోకి వెళ్తూనే రెండు చేతులతో కళ్లు మూసుకుంది. "అమ్మా, ఎండ గుచ్చుతాంది" అంది. ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే. డెబ్బైల చివర్లో, పదేళ్ల కిందటి సంగతి ఇది.

నేను పళ్ల గురించే ఆలోచించాను. నావీ అలాంటి పళ్లే. పెళ్లికి ముందే కట్టుడు పళ్లు పెట్టించారు. ముక్కు పక్కలు అణిగి, కింది పెదవి ముందుకు వచ్చిన ముఖం మా నాన్నది, నాది, సుజాతది. మా నాన్నకు నలభై దాటగానే చూపు పోయింది. గ్రహణం చూశాడు కాబట్టే పోయిందని ఇంట్లో అనేవాళ్లు. పళ్లకూ కళ్లకూ ముడి ఉందని ఎవరికి తెలుసు?

హనుమకొండలో పళ్ల డాక్టరు ఎక్స్-రే తీయించాడు. "చిగుళ్ల లోపల పళ్లే తయారు కాలేదమ్మా" అన్నాడు. తర్వాత సుజాత గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. దాని కంటిపాప గుండ్రంగా లేదు. కోలగా, ఒక పక్కకు జరిగి ఉంది. నేను రోజూ కాటుక పెట్టే కన్నే అది. ఆయన నా కళ్లూ చూసి, "బొడ్డు దగ్గర చర్మం ఎక్కువగా ఉంటదా?" అని అడిగాడు. సిగ్గుపడుతూనే ఇద్దరికీ ఉందన్నాను. "హైదరాబాద్‌ల పెద్ద కంటి దవాఖానకు పోండి. ఇద్దరూ చూపించుకోండి. ఆలస్యం చెయ్యకండి."

అత్తమ్మకు నమ్మకం కలగలేదు. "పండ్ల కోసం పోతే కండ్లు సూపియ్యమంటడా?" అంది. మాది బట్టల దుకాణం. "పెండ్లిండ్ల సీజన్ అయినంక పోదాం" అన్నాడు మా ఆయన. నేనూ సరే అన్నాను. అలా అయిదు నెలలు పోయాయి. ఈనాటికీ నన్ను తినేసేవి ఆ నెలలే.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ చెప్పింది: "దీన్ని రీగర్స్ సిండ్రోమ్ అంటారు. పళ్లు, బొడ్డు, కళ్లు మూడింటికీ ఇదే కారణం. కంట్లో నీరు బయటికి పోయే దారి పుట్టుకతోనే సరిగా లేదు. లోపల ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. అదే గ్లాకోమా."

"ఎవరి నుంచి వచ్చింది మేడం?" అని మా ఆయన అడిగాడు.

"తల్లి నుంచి. ఆమెకు వాళ్ల నాన్న నుంచి వచ్చి ఉంటుంది. అందులో ఆమె తప్పేం లేదు."

నా కుడికంటి నరం చాలావరకు పోయిందని అదే రోజు తెలిసింది. బజార్లో పక్కనుంచి వచ్చే సైకిళ్లు తగులుతుంటే పరధ్యానం అని తిట్లు తిన్నదాన్ని.

ఇద్దరికీ చుక్కల మందులు, ప్రెషర్ తగ్గించే డయామాక్స్ బిళ్లలు మొదలుపెట్టారు. బిళ్లలు వేసుకుంటే సుజాతకు వేళ్లు తిమ్మిరెక్కేవి, అన్నం సహించేది కాదు. అయినా దాని ప్రెషర్ దిగలేదు. నీరు బయటికి పోయేలా దాని రెండు కళ్లకూ ఆపరేషన్ చేసి కొత్త దారి వేశారు. ఎడమకన్ను నిలబడింది. కుడికంటికి వేసిన దారి నాలుగు నెలల్లో పూడుకుపోయింది. మళ్లీ చేశారు. "పోయిన చూపు రాదమ్మా, ఉన్నది కాపాడుకుందాం" అంది డాక్టరమ్మ.

రెండోసారి కట్టు కట్టి ఉండగా సుజాత అడిగింది. "అమ్మా, గిది నాకెందుకిచ్చినవ్?" దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తిరుగు బస్సులో మా ఆయన, "ఆగుదామన్నది నేను. నువ్వొక్కదానివే మొయ్యకు" అన్నాడు. ఆ మాటకు ఏడ్చాను, కానీ బరువు తగ్గలేదు.

ఇప్పుడు సుజాత ఇంటర్ చదువుతోంది. కట్టుడు పళ్లు అలవాటయ్యాయి. కుడికన్ను మసకే, ఎడమకంటితో చదువుకుంటుంది. నా కుడికంటికి వెలుతురు మాత్రమే తెలుస్తుంది. పొద్దున, సాయంత్రం ఒకరి కళ్లలో ఒకరం చుక్కలు వేసుకుంటాం.

మరిపెడలో ఉండే మా తమ్ముడివీ ఇవే పళ్లు. "నాకేం నొస్తలేదక్కా" అంటూ రెండేళ్లు తప్పించుకున్నాడు. చివరికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. వాడికీ ప్రెషర్ ఉంది. వాడి ఇద్దరు పిల్లల్లో చిన్నదానికి ఉంది, పెద్దవాడికి లేదు. చిన్నదాని నరానికి ఇంకా దెబ్బ తగల్లేదు.

మీ ఇంట్లో పళ్లు రాని పిల్ల గాని, కంటిపాప గుండ్రంగా లేని పిల్ల గాని ఉంటే కంటి ప్రెషర్ చూపించండి. ఆ పిల్లకే కాదు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా. మా ఇంట్లో ఎవరికీ నొప్పి రాలేదు. నొప్పి కోసం ఎదురుచూడకండి.